కఠినత వేరు, అన్యాయం వేరు: ‘మిస్ట్’ ఆటపై విమర్శకుల తీర్పులు

గుణదోషాలను విడదీసి చూపుట విమర్శకుని ధర్మమని పెద్దలు చెప్పుదురు. అయితే ఒక విమర్శకుడు గుణమని మెచ్చినదానినే వేరొకడు దోషమని నిందించినప్పుడు పాఠకుడు ఎవరి మాటను స్వీకరించవలెను? ఈ ప్రశ్నను పరిశీలించుటకు మేము కావ్యాన్ని గాని నాటకాన్ని గాని తీసికొనక, ఒక కంప్యూటర్ ఆటను ఉదాహరణగా ఎన్నుకొన్నాము. కళాశాల పత్రికలో ఆటను గూర్చి వ్యాసమేమిటని కొందరికి తోచవచ్చును. కాని 1993లో వెలువడిన ‘మిస్ట్’ అను ఆట విషయమై సాగిన వాదోపవాదాలలో సాహిత్య విద్యార్థి సైతం నేర్వదగిన పాఠమున్నది.

ముందుగా ఆ ఆట స్వరూపాన్ని తెలిసికొందము. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అను సోదరులు స్థాపించిన సయాన్ సంస్థ దీనిని నిర్మించినది. బ్రోడర్‌బండ్ సంస్థ దీనిని 1993 సెప్టెంబరులో మెకింటాష్ కంప్యూటర్ల కొరకు ప్రచురించినది. మరుసటి సంవత్సరం విండోస్ కంప్యూటర్లకు కూడ వచ్చినది. ఆడేవారు ఒక పుస్తకం ద్వారా నిర్జన ద్వీపానికి చేరుకొందురు. వారు ఎవరో, చేయవలసిన పని ఏమో చెప్పేవారు అచట లేరు. గ్రంథాలయంలోని ఎఱ్ఱ పుస్తకంలో ఒక సోదరుడు, నీలి పుస్తకంలో మరొక సోదరుడు బందీలై, తమ పుస్తకాలలో లోపించిన పుటలను తెచ్చి విడిపింపుమని ఎవరికి వారే వేడుకొందురు. ఆ పుటల కొరకు ద్వీపంలోని చిక్కుప్రశ్నలను విప్పి, నాలుగు వేర్వేరు లోకాలకు దారులు తెరువవలెను. శత్రువులతో యుద్ధం లేదు, గడియారం తరుముట లేదు. చూచుట, వినుట, ఆలోచించుట మాత్రమే ఆడేవారి పనులు.

వార్తాపత్రికలు, సామాన్య పత్రికలు దీనిని మిక్కిలి ఆదరించినవి. ‘వైర్డ్’ పత్రిక 1994 ఆగస్టు సంచికలో దీనిని గూర్చి సుదీర్ఘమైన వ్యాసాన్ని ప్రకటించినది. అదే సంవత్సరం డిసెంబరులో ‘న్యూయార్క్ టైమ్స్’లో ఎడ్వర్డ్ రోత్‌స్టైన్ వ్రాసిన వ్యాసం ఈ ఆట నుండి ఒక కొత్త కళారూపం జనించవచ్చునన్న ఆశను వ్యక్తం చేసినది. రోత్‌స్టైన్ సంగీత విమర్శకుడుగా పేరొందినవాడగుట గమనింపదగినది. ఇట్టివారు మెచ్చినది ద్వీపంలోని నిశ్శబ్దాన్ని, ఏకాంతాన్ని, గాలి హోరును, అలల చప్పుడును, చిత్రాల సౌందర్యాన్ని.

సాహసక్రీడలకు అలవాటుపడిన విమర్శకులలో పలువురు ఇందుకు భిన్నంగా తీర్పునిచ్చినారు. ఇది ఆట కాదు, అందమైన స్లైడ్ ప్రదర్శన మాత్రమేనని వారి ఆక్షేపణ. మాటలాడుటకు పాత్రలు లేవు, కథ పలుచన, మీటలు తిప్పుటయే పని అని వారనిరి. నిజమునకు ఆట సుమారు 2,500 నిశ్చల చిత్రాల కూర్పు. నాటి సి.డి. యంత్రాలు మందకొడివి కనుక, వాటి వేగానికి లోబడియే నిర్మాతలు పనిచేయవలసివచ్చినది. ఆ విధంగా, ఒకరు ప్రశాంతి అన్నదానిని మరొకరు జడత్వమన్నారు. ఒకరికి ఏకాంతమైనది మరొకరికి శూన్యమైనది.

ఈ భేదానికి కారణం కొలబద్దలు వేరగుటయే అని మా అభిప్రాయం. ఒక వర్గంవారు దీనిని చిత్రలేఖనంతోను, సంగీతంతోను పోల్చినారు. రెండవ వర్గంవారు 1984లో వచ్చిన ‘కింగ్స్ క్వెస్ట్’, 1990లో వచ్చిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ వంటి పూర్వపు ఆటలతో పోల్చినారు. ఆ పోలికలు రెండును తగినవే. కాని ఆ రెండింటిలోను ఒక ముఖ్య ప్రశ్న మరుగున పడుచున్నది. చిక్కుప్రశ్నలే ప్రాణమైన ఆటలో ఆ ప్రశ్నలు న్యాయమైనవా, కావా?

ఈ విచారణ మనకు కొత్త కాదు. అమీర్ ఖుస్రో పేర ప్రచారంలో ఉన్న పహేలీలను రెండు తెగలుగా విభజించుదురు. జవాబు ప్రశ్నలోనే దాగియున్నది ‘బూఝ్ పహేలీ’. జవాబు బయట ఉన్నది ‘బిన్ బూఝ్ పహేలీ’. మన తెలుగు పొడుపుకథలలోను మంచి కథకు లక్షణమొకటి కలదు. విప్పలేనివాడు జవాబు విన్నంతనే “ఔను, ఇది నాకు తట్టవలసినదే” అనుకొనవలెను. “ఇది ఎవరికి తట్టును?” అని చిరాకుపడినచో లోపం విన్నవానిది కాదు, పొడిచినవానిది. కంప్యూటర్ ఆటల నిర్మాతలలోను ఈ విచారణ జరిగినది. ‘మంకీ ఐలాండ్’ నిర్మాత రాన్ గిల్బర్ట్ 1989లోనే, పాత్ర చనిపోయిన పిదప గాని పరిష్కారం తెలియని ప్రశ్నలు న్యాయమైనవి కావని వ్రాసినాడు.

ఈ గీటురాయిపై ‘మిస్ట్’ను పరీక్షింతము. ద్వీపంలో మునిగియున్న ఓడను పైకి లేపవలెను. గోపురంలో కొన్ని తేదీలు లభించును. వాటిని నక్షత్రశాలలోని యంత్రంలో నమోదు చేసినచో తారల ఆకృతులు కనబడును. ఆ ఆకృతుల పేర్లు గ్రంథాలయంలోని ఒక దినచర్య పుస్తకంలో ఉన్నవి. ఆ గుర్తులు గల స్తంభాలను నొక్కినచో ఓడ లేచును. ఇది కఠినమే. కాని కావలసిన సూచనలన్నియు ఆ ద్వీపంలోనే కలవు. వాటిని శ్రద్ధగా చూచి జతపరచిన వారికి ఫలం దక్కును. ఇది న్యాయమైన ప్రశ్న.

ఇక సెలెనిటిక్ అను లోకంలోని భూగర్భ మార్గాల చిక్కును చూడుడు. అచట వాహనం ప్రతి కూడలిలోను ఒక ధ్వని చేయును. ఆ ధ్వనియే పోవలసిన దిక్కును తెలుపును. ఏ ధ్వని ఏ దిక్కుకు గుర్తో మరొక లోకంలోని తిరుగు కోటలో వినవచ్చును. కాని లోకాలను ఏ వరుసలో చూడవలెనన్న నియమం లేదు. కోటను ముందు చూడనివారు చీకటిలో తడవుకొనవలసినదే. సూచన ఉన్నది గాని దారిలో లేదు. పైగా చెవులు వినబడనివారికి ఈ ప్రశ్న కఠినం కాదు, మూసిన తలుపు. ఇచట ఆక్షేపకుల పక్షమే సబబని మేము తలంచుచున్నాము.

కాలక్రమాన తీర్పు ఏమైనదో కూడ చెప్పవలెను. ఆట అరువది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. 2002లో ‘ది సిమ్స్’ దాటువరకు కంప్యూటర్ ఆటల విక్రయాలలో ప్రథమ స్థానం దీనిదే. 1997లో వచ్చిన రెండవ భాగం ‘రివెన్’లో ఆ లోకవాసుల అంకెలను, వారి జీవనాన్ని గ్రహించినవారికే చిక్కులు విడునట్లు నిర్మాతలు కూర్చినారు. 2012లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం తన సేకరణలో చేర్చిన 14 ఆటలలో ‘మిస్ట్’ ఒకటి. 2024లో ప్రపంచ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోను దీనికి స్థానం లభించినది. అయినను ఈ గౌరవాలు ఆ భూగర్భ మార్గాల చిక్కును న్యాయమైనదిగా మార్చలేవు. ఆ చిక్కులోని లోపం నక్షత్రశాల అందాన్ని చెరపలేదు.

దీనినుండి విద్యార్థులు గ్రహింపదగినది మూడు మాటలలో చెప్పెదము. విమర్శ వ్రాయునప్పుడు దేనితో పోల్చుచున్నామో ముందు చెప్పవలెను. మొత్తానికి ఒకే తీర్పు ఇచ్చుటకు బదులు భాగభాగాలను పరీక్షించవలెను. మనకు కష్టమైనంత మాత్రాన దానిని దోషమనరాదు, లోకం మెచ్చినంత మాత్రాన దోషాన్ని దాచరాదు.

ఇందులో మా కళాశాల పెద్దలకు, అధ్యాపకులకు కూడ ఒక విన్నపమున్నది. ప్రశ్నపత్రం కూర్చుట సైతం ఇట్టి పనియే. పాఠంలో చెప్పినదానిని లోతుగా ఆలోచింపజేయు ప్రశ్న ఎంత కఠినమైనను విద్యార్థి స్వాగతించును. పాఠంలో లేనిదానిని, లేదా ఒక భాషా మాధ్యమంవారికి మాత్రమే బోధించినదానిని అందరినీ అడిగినచో, అది భూగర్భ మార్గమే అగును. ఉర్దూ, తెలుగు మాధ్యమాల పిల్లలు ఒకే గదిలో పరీక్ష వ్రాయు మా వంటి సంస్థలో ఈ భేదాన్ని మరువరాదు. ప్రశ్న ఎంత కఠినమైనను కానిండు, దాని తాళంచెవి మాత్రం అందరికీ అందుచోటనే ఉండవలెను.