క్రిస్మస్ దావత్‌లో వైన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది ఎయిటింక్లైన్ కాలనీలో కంపెనీ క్వార్టర్. ఈసారి క్రిస్మస్ రాత్రి మా ఇంట్లనే దావత్. మా ఆయన భూగర్భ గనిలో పని చేస్తాడు. వచ్చేవాళ్లంతా ఆయనతోటి కార్మికులు, వాళ్ల ఇంటివాళ్లు. "మందు వద్దు, వైన్ పోద్దాం, అది మత్తెక్కదు" అంటున్నాడు. అత్తమ్మకేమో ఇంట్లో సీసా కనబడితే ముద్ద దిగదు. ఇద్దరినీ ఎట్ల ఒప్పించాలి?
– ఒక గృహిణి, గోదావరిఖని

జవాబు: ముందు మీ ఆయన మాట తేల్చుదాం. మత్తెక్కదన్నది ఉత్త మాట. మామూలు వైన్‌లో ఆల్కహాల్ 12, 13 శాతం ఉంటుంది. 150 మి.లీ. గ్లాసు తాగితే ఒంట్లోకి 15 గ్రాముల దాకా పోతుంది. 42.8 శాతం ఉండే విస్కీ చిన్న పెగ్గు, అంటే 30 మి.లీ.లో ఉండేది పది గ్రాములే. ఒక గ్లాసు వైన్ అంటే పెగ్గున్నర అన్నమాట. గొంతు మండదు కాబట్టి ఎన్ని దిగాయో ఎవరూ లెక్కపెట్టరు.

మీ దగ్గర అసలు చిక్కు షిఫ్టుతోనే. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల ఆల్కహాల్‌నే కరిగించగలదు. కాఫీ తాగినా, నిమ్మకాయ పిండినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. రాత్రి పదకొండింటికి నాలుగో గ్లాసు దించినవాడి ఒంట్లో తెల్లారి ఫస్ట్ షిఫ్టు మస్టర్ వేళకు ఇంకా కొంత మిగిలే ఉండొచ్చు. ఆ మనిషి క్యాప్ ల్యాంప్ పెట్టుకుని కప్పు కింద నిలబడాలి, లేదంటే ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఎక్కాలి. పక్కవాళ్ల ప్రాణం కూడా ఆయన చేతిలోనే ఉంటుంది.

అందుకే పిలిచేటప్పుడే "అన్నా, ఆ రోజు నీది ఏ షిఫ్టు?" అని అడగమనండి. నైట్ షిఫ్టుకు పోయేవాళ్లకు బగారా అన్నం, మటన్ ముందే వడ్డించి, రాత్రికి ఒక డబ్బా కట్టి పంపండి. వాళ్లకు చుక్క కూడా వద్దు. "ఒక్కటే కదా" అని బలవంతపెట్టే బావలు ప్రతి దావత్‌లో ఒకరిద్దరు ఉంటారు, వాళ్ల సంగతి మీ ఆయనే చూసుకోవాలి. తెల్లారి ఫస్ట్ షిఫ్టు ఉన్నవాళ్లకు ఏడున్నర, ఎనిమిదికల్లా ఒక గ్లాసుతో సరి. వీలైతే దావత్‌నే క్రిస్మస్ దాటాక, అందరికీ సెలవు కలిసే పూట పెట్టుకోండి. పండుగకు ముందు రోజుల్లో ఎట్లాగూ కుదరదు: 23న సింగరేణి ఆవిర్భావ దినం సందడి, 24 రాత్రి చర్చి.

ఇక అత్తమ్మ. ఆమెను ఒప్పించే పని పెట్టుకోకండి, ముందుగా అడగండి. ఆమె వద్దంటే వైన్ లేదు, అంతే. తలుపు వెనక స్టీలు గ్లాసుల్లో పోసి "కూల్‌డ్రింకే" అని చెప్పే తెలివి రెండు గదుల క్వార్టర్‌లో పది నిమిషాలు కూడా సాగదు. తర్వాత ఏడాదంతా మాటలు పడేది మీరు, మీ ఆయన కాదు.

ప్రశ్న: నల్ల ద్రాక్షతో ఇంట్లోనే వైన్ చేద్దామని జాడీ కొన్నాను. మూత బిగించి నెల రోజులు పెడితే చాలా?
– రామగుండం

జవాబు: మూత బిగించకండి, అసలు ఆ పనే పెట్టుకోకండి. ద్రాక్ష తొక్కల మీది ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గాలి పోయే దారి లేకుంటే జాడీ పగులుతుంది. దానికి తోడు లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడానికి ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు, ఇంటి కోసమే అన్నా సరే.

జాడీని పచ్చడికి ఉంచుకుని, ద్రాక్షరసం చేయండి. పండ్లు కడిగి, కాసిని నీళ్లతో సన్నమంట మీద తొక్క మెత్తబడేదాకా ఉంచి, చేత్తో చిదిమి బట్టలో వడకట్టండి. ఆ రసాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి, అంచుల్లో నురుగు కట్టి ఆవిరి లేచేదాకా వేడి చేయండి. ఆ వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది, రసం పులవదు. 1869లో అమెరికాలోని న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు తన చర్చి సంస్కారం కోసం ఇదే ఉపాయం పన్నాడు. సీసాలో నింపిన రసాన్ని వేడి చేసి, పులియకుండా ఆపాడు. మీ రసం చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. చిటికెడు దాల్చినచెక్క పొడి వేస్తే రోజ్ కుకీలకు మంచి జత.

ప్రశ్న: పది మందికి ఎన్ని సీసాలు? మా దగ్గర వైన్ గ్లాసులు లేవు.
– ఎన్టీపీసీ, జ్యోతినగర్

జవాబు: 750 మి.లీ. సీసాకు ఐదు గ్లాసులు. పదిమందిలో తాగేవాళ్లు ఆరుగురే అనుకుంటే రెండు సీసాలు చాలు, మూడోది తెస్తే అది కూడా ఖాళీ అవుతుంది. గ్లాసులకేం, టీ గ్లాసులు చాలు, చిన్నవైతే పోసేదీ తగ్గుతుంది. ఎర్ర వైన్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మటన్ కారం ఎక్కువైతే వైన్ చేదు తేలుతుంది, కారం తగ్గించండి. తాగనివాళ్లకు కూడా అవే గ్లాసుల్లో ద్రాక్షరసం ఇవ్వండి, చూసేవాళ్లకు తేడా తెలియదు. 21 ఏళ్లు నిండని పిల్లలకు పోయవద్దు, చట్టం కూడా అదే చెబుతుంది. బండి మీద వచ్చినవాళ్లను రాత్రికి ఆపుకోండి, లేదా ఆటో పిలవండి. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసే.

ప్రశ్న: పాస్టరు గారు ప్రార్థనకు వస్తారు. సీసాలు దాచాలా?
– గోదావరిఖని

జవాబు: ఆయన వచ్చి, ప్రార్థన చేసి, భోంచేసి వెళ్లేదాకా సీసాలు కొనుక్కురాకండి. దాచే పని ఉండదు.