ఆ దారం లాక్కోకండి

మొన్న సుమ్మాదేవి స్టేషన్లో ప్యాసింజర్ కోసం కూర్చున్నాం. పక్క బల్ల మీద ఎనిమిదేళ్ళ పిల్ల, జీడిపప్పు పొట్లానికి కట్టిన పురికొస విప్పి, కొసలు ముడేసి వేళ్ళకు తగిలించుకుంది. బొటనవేళ్ళకీ చిటికెనవేళ్ళకీ దారం. కుడి చూపుడువేలితో ఎడమ అరచేతి మీది పోగు ఎత్తింది, ఎడమ చూపుడువేలితో కుడి అరచేతిది. చేతులు దూరం జరపగానే మధ్యలో ఇంటూ గుర్తులు లేచాయి. అప్పుడే వాళ్ళ నాన్న "ఏటే ఆ ఆటలు? ఎక్కాలు సదువుకోమన్నానా నేదా?" అని దారం లాగేశారు. ఆ చేతులు కాసేపు అలాగే గాల్లో ఉండిపోయాయి.

ఆయన్ని తప్పుపట్టలేను. మా అమ్మాయి దగ్గర నేనూ అదే పని చేశాను. అందుకే దారం ఆటల మీద పుస్తకాలు రాసిన కాథ్లీన్ హాడన్ గురించి మీకు చెప్పాలి.

ఆమె 1888లో పుట్టింది. తండ్రి ఆల్‌ఫ్రెడ్ హాడన్ జంతుశాస్త్రవేత్త. ఆ ఏడాదే పగడపు దిబ్బల్ని పరిశీలించడానికి ఆస్ట్రేలియాకీ న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధికి వెళ్ళారు. పగడాల కోసం వెళ్ళిన మనిషికి అక్కడి జనం మీద మనసు పడింది. 1898లో మళ్ళీ వెళ్ళారు. అక్కడి దారం ఆటలను కాగితం మీద పెట్టడానికి, రివర్స్ అనే సహచరుడితో కలిసి 1902లో ఒక పద్ధతి ప్రకటించారు. అందులో శరీరశాస్త్రం మాటలు వాడారు: పోగు బొటనవేలి వైపుదా చిటికెనవేలి వైపుదా, అరచేతి మీదా చేతి వెనకా. స్టేషన్లో ఆ పిల్ల వేసిన మొదటి ఎత్తు ఉందే, దానికి వాళ్ళు పెట్టిన పేరు 'ఓపెనింగ్ ఏ'.

కూతురు కేంబ్రిడ్జిలో జంతుశాస్త్రమే చదివింది. ఆడవాళ్ళకి అక్కడ పూర్తి డిగ్రీ 1948 దాకా రాలేదు. అయినా 1911లో, ఇరవై మూడేళ్ళు నిండీ నిండకుండానే, పలు దేశాల దారం బొమ్మల మీద పుస్తకం వేసింది. 1914లో తండ్రి వెంట పాపువా వెళ్ళి ఫొటోలు తీసింది, అక్కడి దారం బొమ్మలూ సేకరించింది. 1930లో మరో పుస్తకం రాసింది.

జంతుశాస్త్రంలో పీత కాళ్ళు ఎక్కడ మొదలయ్యాయో చూడ్డానికీ, ఆటలో దారం ఏ వేలి కిందనుంచి పోయిందో చెప్పడానికీ కావలసింది ఒకే చూపు. ఆ చూపు మీ పిల్లలకీ ఉంది. దారంతో బొమ్మ వేసి చూపిస్తే "బాగుంది" అని ఊరుకోకండి. "నీ చేతులు కదపకుండా నోటితో చెప్పు, నేను వేస్తాను" అనండి. చెప్పబోయి తడబడతారు. మీరు తప్పు వేలు పెడతారు. మళ్ళీ మొదటినుంచి చెప్తారు. మీరు మాత్రం విసుక్కోకూడదు.

దారం నూలుదైతే మంచిది, రెండు మీటర్లు చాలు. సన్నటి నైలాను వేళ్ళు కోయొచ్చు. మెడలో మాత్రం వేసుకోనివ్వకండి.

హాడన్ చేసిన ఇంకో పని, కూతుర్ని వెంట తీసుకెళ్ళడం. మనం పాపువా దాకా పోనక్కర్లేదు. చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్ళండి. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ చెట్ల మీద కాపురం పెట్టి ఉంటాయి. పేర్లు బట్టీ పట్టించకండి. ఏ పిట్ట పుల్ల తెస్తోందో, ఏది గూట్లో సర్దుతోందో అడగండి. ఉద్దానం సముద్రపు ఒడ్డున వల బాగుచేసే తాత పక్కన ఓ పూట కూర్చోబెట్టండి. చిరిగిన కన్ను ఆయన చేతిలో ఎలా మూసుకుంటుందో చూడనివ్వండి. ఆడపిల్లకెందుకని మాత్రం అనకండి.

మా అమ్మాయికి ఇప్పుడు ముప్పై దాటాయి. పోయిన సంక్రాంతికి వస్తే నేనే దారం ముడేసి చేతికిచ్చి, నేర్పమన్నాను. మర్చిపోయానంది. కాసేపటికి వేళ్ళు వాటంతటవే కదిలాయి. నాలుగో ఎత్తు దగ్గర నేను ఆగిపోతే, "పైనుంచి కాదమ్మా, కిందనుంచి" అంటూ నా చిటికెనవేలు పట్టుకుని తిప్పింది.