ఆ అల సౌర పవనం తెచ్చిందేనా? రిపోర్ట్ రాసే ముందు చూసుకోవాల్సినవి

పాతబస్తీ నుంచి రోజూ హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) దాకా వెళ్లి, ప్రాజెక్ట్ అసోసియేట్‌గా మ్యాగ్నెటోమీటర్ డేటా చూసే ఫిజిక్స్ పిల్లల కోసం ఇది. కాంట్రాక్ట్ రెన్యూవల్ దగ్గరపడగానే పేపర్ ఏదని అడుగుతారు. ఆ తొందరలోనే నాయిస్‌ని సౌర పవనం ఖాతాలో రాసేస్తుంటారు.

మీరు వెతికేది సాధారణంగా పీసీ3 పల్సేషన్లు, అంటే 10 నుంచి 45 సెకన్ల పీరియడ్ ఉన్న అలలు. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వచ్చే సౌర పవనం భూమి ముందున్న బో షాక్‌ను తాకుతుంది. అక్కడ కొన్ని ప్రోటాన్లు వెనక్కి మళ్లి, ఎదురొచ్చే ప్లాస్మాలో తరంగాలు పుట్టిస్తాయి. వాటిలో కొన్ని మ్యాగ్నెటోస్ఫియర్ దాటి నేల దాకా వస్తాయి. వాటి ఫ్రీక్వెన్సీ, మిల్లీహెర్ట్‌జ్‌లలో, నానోటెస్లాలలో కొలిచిన సౌర పవన అయస్కాంత క్షేత్రానికి దాదాపు ఆరు రెట్లు. క్షేత్రం 5 నానోటెస్లాలుంటే 30 మిల్లీహెర్ట్‌జ్, అంటే 33 సెకన్ల పీరియడ్. అదే 10 ఉంటే 17 సెకన్లు రావాలి. మీ ప్లాట్‌లో మాత్రం 33 సెకన్లే కనిపిస్తోందా? ఆ ఈవెంట్‌ను పక్కన పెట్టి మళ్లీ చూడండి.

హైదరాబాద్‌లో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లాలు. మీ అల తరచుగా ఒక్క నానోటెస్లా కూడా ఉండదు. సెన్సర్ దగ్గర్లో ఒక కారు కదిలితే చాలు, ఆ అల మునిగిపోతుంది. ఎన్‌జీఆర్‌ఐ పేరుతో పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. నగరం ఇలా మీదికి వచ్చేస్తోందనే విజయవాడ రోడ్డు మీది చౌటుప్పల్‌లో మరో అబ్జర్వేటరీ పెట్టారు. ఒకే సమయంలో రెండు చోట్లా, ఒకే తీరులో కనిపించని అలను టేబుల్‌లో చేర్చొద్దు. సొంతంగా డేటా తీద్దామని పాతబస్తీలో డాబా మీద సెన్సర్ పెట్టే ఆలోచన కూడా మానుకోండి. స్లాబులో ఇనుము, కింద బైకులు, పక్కింటి మోటారు తప్ప మరేమీ దొరకదు.

ఎక్కువ మందిని ముంచేది టైమ్. 2024 మే 10న వచ్చిన పెద్ద భూ అయస్కాంత తుపాను సుమారు 17:05 యూటీకి మొదలైంది. మనకది రాత్రి 10:35. ఫైల్ ఏ టైమ్‌లో ఉందో చూడకపోతే ఐదున్నర గంటలు తప్పుతారు. పైగా అది రాత్రి వేళ, పీసీ3 ప్రధానంగా పగటి అల. రాత్రి పక్క కనిపించేది పీఐ2 అనే వేరే రకం పల్సేషన్ కావచ్చు. దాని కథ వేరు, అది మ్యాగ్నెటోస్ఫియర్ తోక వైపు నుంచి వస్తుంది.

ఇంకో తప్పు ఏమిటంటే, 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 నుంచి సౌర పవనం రావడానికి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో గంటకు పైగా పడుతుంది కదా అని, అందరూ డేటాను ముందుకు జరుపుతారు. కానీ ఓమ్ని అనే సౌర పవన డేటాసెట్‌లోని హై రిజల్యూషన్ డేటాను బో షాక్ దాకా ముందే జరిపి ఇస్తారు. మీరు మళ్లీ జరిపితే కారణం వేరు, ఫలితం వేరు అయిపోతాయి. ఆదిత్య-ఎల్1 డేటా తీసుకుంటే మాత్రం ఆ ఆలస్యం మీరే లెక్కకట్టాలి.

నిమిషానికొక రీడింగ్ ఉన్న ఫైల్‌తో పీసీ3 తేలదు, సెకనుకొకటి కావాలి. తుపాను ఆరంభంలో క్షేత్రం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ మెట్టు మీద బ్యాండ్‌పాస్ ఫిల్టర్ వేస్తే, లేని డోలనాలు అందంగా వచ్చి కూర్చుంటాయి. రివ్యూయర్ మొదట పట్టుకునేది ఇదే. అందుకే ఫిల్టర్ వేయని డేటాను కూడా అదే పేజీలో చూపించండి.

బాస్ ఎన్ని ఈవెంట్లు దొరికాయని అడిగితే, ఖాయమైనవి వేరుగా, అనుమానమున్నవి వేరుగా రెండు లిస్టులు ఇవ్వండి. తీసేసిన ప్రతిదానికీ కారణం, తేదీ, యూటీ సమయం రాసి, కోడ్‌తో పాటు మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. రెన్యూవల్ రాకపోతే తర్వాతి ఇంటర్వ్యూలో మీరు మాట్లాడాల్సింది వాటి గురించే.