పిట్టి త్యాగరాయ చెట్టి: పదవి వద్దన్న నగర నేత

పిక్కిలి వంటి ధర్మపురి పల్లెల నుంచి తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీఎన్‌పీఎస్‌సీ) పరీక్షలకు చదివే తెలుగు పిల్లలు ఈ పేరును శ్రద్ధగా చదవాలి. పిట్టి త్యాగరాయ చెట్టి (1852–1925) మద్రాసులోని తెలుగు దేవాంగ కుటుంబీకుడు. 1882లో నగర కార్పొరేషన్‌లో అడుగుపెట్టి, దాదాపు నాలుగు దశాబ్దాలు సభ్యుడిగా ఉన్నారు. ప్రభుత్వాధికారి కాని తొలి అధ్యక్షుడూ ఆయనే.

1916లో టి.ఎం.నాయర్, సి.నటేశ ముదలియార్‌లతో కలిసి దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను స్థాపించారు. అదే జస్టిస్ పార్టీ. 1920 మద్రాసు ప్రెసిడెన్సీ ఎన్నికల్లో పార్టీ గెలిచాక గవర్నర్ విల్లింగ్డన్ ప్రభుత్వం ఏర్పాటు చేయమంటే కాదని, ఎ.సుబ్బరాయలు రెడ్డియార్ పేరు సూచించారు. పరీక్షలో తడబడేది ఇక్కడే: తొలి ముఖ్యమంత్రి రెడ్డియార్, 1921లో ఆ స్థానంలోకి వచ్చింది పానగల్ రాజా. త్యాగరాయ చెట్టి మంత్రి కాలేదు, పార్టీకి పెద్దదిక్కుగా ఉండి సలహా చెప్పారు.

నా దృష్టిలో ఆయన పనుల్లో అన్నిటికన్నా గొప్పది మధ్యాహ్న భోజనం. 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో, పిల్లవాడికి రోజుకు అణా మించకుండా ఖర్చుపెట్టి అన్నం పెట్టించారు. ముఖ్యమంత్రి కామరాజ్ తెచ్చిన మధ్యాహ్న భోజన పథకానికి అది మూడు దశాబ్దాలకు పైగా ముందు. చెన్నైలోని టి.నగర్‌లో ‘టి’ త్యాగరాయ చెట్టి పేరే.