బెల్టుకీ ఒక శ్రుతి ఉంది

మన ప్రగతి నగర్ రోడ్ల మీద టైమింగ్ బెల్టు ఉన్న బైకు కనబడటం అరుదు. స్ప్లెండర్, పల్సర్‌లలో ఆ పని చేసేది క్యామ్ చైన్. పాత బుల్లెట్‌లో పళ్ల చక్రాలు, పుష్‌రాడ్‌లు. "యాక్టివాలో బెల్టు ఉంది కదా?" అంటారేమో. అది వెనక చక్రాన్ని తిప్పే బెల్టు, దానికీ టైమింగ్‌కీ సంబంధం లేదు. బైకుల్లో టైమింగ్ బెల్టుకి పేరుపడ్డది ఇటలీ డుకాటీ. 1970ల చివర్లో వచ్చిన పాంటా ఇంజిన్ నుంచి చాలా మోడళ్లలో వాడింది.

మరి మనకెందుకు? ఫిజిక్స్‌లో బట్టీపట్టిన తీగ సూత్రం ఇక్కడ నేరుగా పనికొస్తుంది కాబట్టి.

ఎందుకింత పట్టింపు?

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ 2 చుట్లు తిరిగితే క్యామ్ 1 చుట్టు తిరగాలి. బెల్టు వదులైతే పళ్లు జారి ఈ లెక్క తప్పుతుంది. చాలా ఇంజిన్లలో అప్పుడు తెరిచి ఉన్న వాల్వుని పిస్టన్ గుద్దేస్తుంది. వాల్వు వంగితే హెడ్ విప్పాల్సిందే. పోనీ గట్టిగా బిగిద్దామంటే బేరింగుల మీద భారం పడుతుంది, బెల్టు త్వరగా అరుగుతుంది.

చెవికి అందే కొలత

వీణ తీగని బిగిస్తే స్వరం పెరుగుతుంది కదా, బెల్టూ అంతే. రెండు పుల్లీల మధ్య భాగాన్ని వేలితో మీటి, ఫోన్ మైకు దగ్గర పెడితే పౌనఃపున్యం తెలుస్తుంది. అది బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

ఉదాహరణకి 100 హెర్ట్జ్ ఉండాల్సిన చోట 90 వచ్చిందనుకుందాం. "10 శాతమేగా" అనిపిస్తుంది. కానీ 0.9 వర్గం 0.81. అంటే బిగువు 19 శాతం పడిపోయింది! వేలితో నొక్కి "బాగానే ఉంది" అనేస్తే ఈ తేడా దొరకదు.

చేసే వరుస

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడికి అల్యూమినియం వ్యాకోచించి పుల్లీల మధ్య దూరం పెరుగుతుంది, బిగువూ పెరుగుతుంది.
2. స్పార్క్ ప్లగ్ తీసి, క్రాంక్‌ని తిప్పి, టైమింగ్ గుర్తులు కలపాలి.
3. టెన్షనర్ బోల్టు వదులు చేసి, మాన్యువల్ చెప్పిన చోట మీటి, చెప్పిన హెర్ట్జ్‌కి తేవాలి. మోడల్‌ని బట్టి అంకె మారుతుంది. కొత్త బెల్టుకీ పాతదానికీ కూడా వేరుగా ఉండొచ్చు.
4. బోల్టు బిగించాక మళ్లీ కొలవాలి. బిగించేటప్పుడే టెన్షనర్ కదలొచ్చు.
5. క్రాంక్‌ని చేత్తో 2 చుట్లు తిప్పి గుర్తులు, శ్రుతి మళ్లీ చూడాలి. తిప్పేటప్పుడు ఎక్కడైనా అడ్డు తగిలితే బలవంతం చేయకండి.

డుకాటీ ట్విన్‌లో బెల్టులు రెండు. దేనికది విడిగా చూడాలి. పగుళ్లు, నూనె మరకలు, గడువు దాటిన బెల్టు ఉంటే బిగించి లాభం లేదు, మార్చాలి.

మీ బైకులో ఉన్నది చైనైతే ఈ పద్ధతి వాడకండి. దానికి టెన్షనర్ వేరు, అది నూనెలో తిరుగుతుంది. హెడ్ దగ్గర గలగల చప్పుడు మొదలైతే మెకానిక్‌కి చూపించండి.

మీకో లెక్క: 100 రావాల్సిన చోట 120 హెర్ట్జ్ వస్తే బిగువు ఎంత శాతం ఎక్కువ? 20 అని మాత్రం రాయకండి!