ఇంటి వంటలో పిల్లల మాట

పంచాయతీ సమావేశములలో రోడ్లను గురించియు, మురుగుకాలువలను గురించియు, వీధిదీపములను గురించియు చర్చ జరుగుట పరిపాటి. ఊరి పిల్లల కంచములలో ఏమున్నదను ప్రశ్న సామాన్యముగా రాదు. అది ఇంటి ఆడువారి విషయమని మనము తలంచుచున్నాము. కాని 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో నూటికి 70 మంది ఉన్నట్లు తేలినది. పెరటిలో మునగచెట్లు పెరుగు ఊళ్ళలోనే ఈ స్థితి యున్నది.

రక్తహీనతకు నులిపురుగులు, తరచు వచ్చు జ్వరములు మొదలగు కారణములును కలవు. పిల్ల పాలిపోయి ఆయాసపడుచున్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. మనము ఇచ్చట చెప్పదలచినది తిండిని గురించి. ఆకుకూర వండినను పిల్లలు తినరని తల్లులు చెప్పుదురు. బెదిరించి పెట్టిన ముద్ద ఒక పూటకు దిగును, మరునాడు దిగదు. అంగడిలో వ్రేలాడు ఉప్పుకారపు పొట్లము మాత్రము ఎవరును బెదిరింపకయే దిగుచున్నది.

తాను ఎన్నుకొనినది, తాను చేయివేసినది పిల్లవాడు ఇష్టముగా తినును. అంతమాత్రమున “నీకేమి వండవలెను?” అని అడుగరాదు, ఏడు దినములును బంగాళాదుంప వేపుడనియే చెప్పును. హద్దు పెద్దలు గీయవలెను, అందులోని ఎంపిక పిల్లలకు విడువవలెను. “రేపు తోటకూర పప్పా, మునగాకు పప్పా?” అని అడిగినచో ఏది చెప్పినను లాభమే. సంతకు పోవుటకు ముందు రాత్రి, చదువు వచ్చిన పిల్లచేత వారపు కూరలు వ్రాయింపవలెను. పెరటిలో ఏమున్నది, కొనవలసినదేమి, చేతనున్న సొమ్మెంత అనునవి ఆ పిల్లకు తెలియవలెను. పొట్లము కొను డబ్బుకు ఎన్ని వేరుసెనగలు, ఎంత బెల్లము వచ్చునో తానే లెక్కకట్టును. చిన్నవారు ఆకు దూయుదురు, చిక్కుడుకాయల ఈనెలు తీయుదురు. మగపిల్లలకు ఈ పనులు తగవనుట సరికాదు.

పని జరుగుచుండగనే కారణములు చెప్పవచ్చును. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకు నిమ్మరసము, ఉసిరి తోడ్పడును. భోజనముతో త్రాగిన తేనీరు అడ్డుపడును. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పాలిష్ పట్టిన బియ్యములో 10 మిల్లీగ్రాములకు మించదు. రాగిసంగటిని పేదవాని కూడని చిన్నచూపు చూచినవారే నేడు పట్నములో దానిని వెలయిచ్చి తినుచున్నారు!

పిల్లలకు అప్పగింపదగిన పని మరియొకటి కలదు. అది కూర వడ్డించుట. ఇంట ఎందరున్నారో అన్ని పాళ్ళు వేయుమనవలెను. పెక్కు ఇండ్లలో మగవారు తినిన పిదప అడుగున మిగిలినదే తల్లికిని, ఎదిగిన ఆడపిల్లకును దక్కుచున్నది. ఇనుము ఎక్కువ కావలసినది వారికే. పాళ్ళు వేయు పిల్లవాడు అమ్మ గిన్నెలో ఏమియు లేకుండుట చూచును. ఏలయని అడుగును కూడ. అందుకు తండ్రి కోపింపరాదు.

ఇందు పంచాయతీకి పని యేమి? 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడినవి. బడులలో పోషక తోటలకు కేంద్రప్రభుత్వము 2019లో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. ఆ తోటకు కంచెయు నీరును పంచాయతీ సమకూర్పవచ్చును. పిల్లలు చేతులు కడిగిన నీటిని మొక్కలకు మళ్ళించినచో బడిముంగిట మురుగు నిలువదు. మునగ కొమ్మ నాటినను బ్రదుకును గనుక, బడిలోని చెట్టునుండి ఇంటికొక కొమ్మ చొప్పున పిల్లలతో పంపవచ్చును. రాబోవు గ్రామసభకు బడిపిల్లలను నలుగురిని పిలిపించి, ఏ ఇల్లో చెప్పకయే, వారు వ్రాసికొన్న వారపు కూరల పట్టికలను చదివింపుడు. అందులకు అరగంట చాలును.