మాటిమాటికి ఆగిపోవు కంప్యూటరు

నేడు గ్రామములలో కొన్ని ఇండ్లకు కంప్యూటరు వచ్చినది. బిడ్డల చదువు, దరఖాస్తులు, పొలము కాగితముల నకళ్లు అందులోనే ఉండుచున్నవి. అట్టి యంత్రము మాటిమాటికి ఆగిపోయినచో, కొత్తది కొనుటకు తొందరపడ నక్కరలేదు. కారణమును వరుసగా వెదకవలెను. ఆ వరుసను ఇచట తెలుపుచున్నాము.

మొట్టమొదట ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి నకలు తీసికొనవలెను. హార్డుడిస్కు చెడుచున్నచో, ఆలస్యమైనకొలది వాటిని దక్కించుకొనుట కష్టమగును. యంత్రమును మరల కొనవచ్చును. పోయిన లెక్కలు మరల రావు.

పిదప అది ఏ వేళ ఆగుచున్నదో గమనించి వ్రాసికొనవలెను.

1. కొంతసేపు పనిచేసి ఆగినచో, వేడిమిని అనుమానింపవలెను. ప్రాసెసరు వేడి సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరినచో, యంత్రము తన్ను కాపాడుకొనుటకై ఆగిపోవును. ప్లగ్గు తీసి, ఫ్యానుకు పట్టిన దుమ్మును మెత్తని బ్రష్షుతో తుడువవలెను. పవర్ సప్లై పెట్టెను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదప కూడ అందు విద్యుత్తు నిలిచియుండును.

2. పంపుసెట్టు మోటారు వేసిన వేళ ఆగినచో, వోల్టేజి పడిపోవుచున్నదేమో చూపించవలెను. ఇండ్లకు రావలసినది 230 వోల్టులు. యు.పి.ఎస్. ఉన్న మేలు.

3. నీలితెర కనిపించి ఆగినచో, దానిపై గల సంకేతమును వ్రాసికొనవలెను. మరమ్మతు చేయువారికి అదియే ఆధారము. ర్యాము వదులైనను, కొత్తగా చేర్చిన ప్రోగ్రాము సరిపడకున్నను ఇట్లు జరుగవచ్చును.

ఒక మార్పు చేసి, ఒక దినము చూచి, పిదపనే మరియొకటి చేయవలెను. అన్నియు ఒకేసారి మార్చినచో దోషమెక్కడిదో తెలియదు. పంచాయతీ సభ్యులు ఈ క్రమమును తామెరిగి, ఇరుగుపొరుగువారికి తెలుపవలెనని కోరుచున్నాము.